తొట్టిలో మిగిలినవి

సోమవారం పొద్దున హిల్దూర్ ఇంట్లో ఎవరూ గొంతు పెంచకూడదు. అది చేపలకి పట్టిన పేలు లెక్కపెట్టే రోజు. మనసు చెదిరితే కళ్లు చెదురుతాయని ఆమె నమ్మకం. స్కార్వోయ్ దీవిలో చేపలు పెంచేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు కాబట్టి సోమవారం ఎనిమిదింటిలోపు ఆ ఇంటికి ఫోన్ కూడా చేయరు. అరవై నాలుగేళ్ల మనిషి, కళ్లజోడు లేకుండానే సాల్మన్ వీపు మీద గోరంత పేనుని చూసి ఆడదో మగదో చెప్పేస్తుంది. ఆ మాత్రం పట్టింపు ఉండటంలో తప్పేమీ లేదు.

ఆ సోమవారం మాత్రం ఆమె మనసు చెదరగొట్టింది కూతురే.

"ఇవాళ లెక్కకి నేనూ వస్తానమ్మా," అంది సునీవా, కప్పులో కాఫీ పోసుకుంటూ.

రొట్టె మీదకి గోధుమరంగు చీజ్ పలచగా కోస్తున్న హిల్దూర్ చెయ్యి ఆగింది. "ఎందుకూ?"

"ఊరికే. చాలా రోజులైంది కదా."

"ఊరికే వచ్చేదానివి బెర్గెన్ నుంచి రబ్బరు ప్యాంటు మోసుకొచ్చావా? గుమ్మం దగ్గర సంచీలో చూశాలే."

సునీవా తమ్ముడు త్రిగ్వే బూట్లు వేసుకుంటూ నవ్వాడు. "అమ్మ ఉద్యోగానికి ఎసరు పెడుతున్నావా అక్కా? జాగ్రత్త, చేతివల కర్రతో కొడుతుంది."

"నువ్వు నోరు ముయ్యరా," అంది హిల్దూర్. తర్వాత కూతురి వైపు తిరిగి, కొంచెం తగ్గి అడిగింది. "నా లెక్క మీద నమ్మకం పోయిందా?"

"అలా ఎందుకు అనుకుంటావు?"

"మరి ఎలా అనుకోను?"

సునీవా కాఫీ కప్పు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఆ వంటింట్లో ముగ్గురూ తలలు వంచుకుని రొట్టె నమిలారు.

సునీవా బెర్గెన్ నగరంలో ఉండే సముద్రజీవ శాస్త్రవేత్త. ముప్పై ఆరేళ్లు. ఐదేళ్లుగా ఆమె బుర్రంతా ఒకటే ప్రశ్న. పెంపకపు సాల్మన్లని పట్టి పీడించే పేలని మందులు చల్లకుండా, చేపల్ని వేడినీళ్లలో ముంచకుండా అదుపులో పెట్టగలమా? దానికి ఆమె ఎంచుకున్న దారి గుండు చేపలు. ఆకుపచ్చగా, బొద్దుగా, పొట్ట కింద అతుక్కునే చక్రంతో ఉండే ఆ చిన్న చేపల్ని సాల్మన్ల మధ్య వదిలితే అవి పేలని ఏరుకుని తింటాయి. రెండేళ్ల కిందట, సముద్రంలో వలలతో కట్టిన తల్లి పంజరాల్లోనే ఆ ప్రయోగం మొదలుపెట్టింది. ఆరేళ్ల కిందట పోయిన తండ్రి రెండు పంజరాలతో పెట్టిన పెంపకం అది. ఇప్పుడు ఐదు పంజరాలు, చూసుకునేది త్రిగ్వే. రెండేళ్లుగా అక్కడ పేల లెక్క అందరూ ముక్కున వేలేసుకునేంత తక్కువగా వస్తోంది. జిల్లా పత్రికలో ఫోటో పడింది. ఈ గురువారం బెర్గెన్‌లో పెద్ద సమావేశం. ఈ పద్ధతినే తీరమంతా పెట్టమని ఆమె చెప్పాలి.

అంతా బాగుంటే ఆమె ఈపాటికి ఆ ప్రసంగం రాసుకుంటూ ఉండేది. కానీ పోయిన శుక్రవారం ఆమెతో పనిచేసే అతను ఇదే సముద్రపాయలో, ఏరు వచ్చి కలిసే చోట వల వేసి, ఎవరూ పెంచని, స్వేచ్ఛగా తిరిగే ట్రౌట్ చేపల్ని పట్టాడు. ఒక్కో చేప మీద పేలు కుప్పలుగా ఉన్నాయి. రెండు చేపలకి వీపు మీద తోలు కూడా మిగల్లేదు. ఆ పాయలో ఉన్నది ఒక్కటే పెంపకం. వీళ్లది. ఇక్కడ పేలు లేకపోతే అక్కడికి ఎక్కడి నుంచి వచ్చాయి? పైగా ఇది మే నెల. ఏట్లో పుట్టిన సాల్మన్ పిల్లలు మొదటిసారి సముద్రంలోకి వెళ్లే వారాలు ఇవే. వేలెడంత పిల్లకి పది పేలు పట్టాయంటే అది బతికి బట్టకట్టదు.

పడవలో ఆమె ఈ ముక్క చెప్పబోయి, మానేసింది. తల్లి అటు తిరిగి కూర్చుంది. సన్నగా వాన పడుతోంది.

మొదటి పంజరం అంచు మీద నిలబడ్డాక హిల్దూర్ మనిషే మారిపోయింది. చేతివల ముంచి ఎత్తడం, ఐదేసి చేపల్ని మత్తుమందు కలిపిన తొట్టిలోకి జారవిడవడం, అవి మెత్తబడ్డాక ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో పసిపిల్లలా ఎత్తి తిప్పి చూడటం, అంతా ఒక్క ఊపులో సాగిపోయింది.

"ఒకటి, ఏమీ లేదు. రెండు, ఏమీ లేదు. మూడు, ఒక ఆడది, గుడ్ల దారాలతో. నాలుగు, ఏమీ లేదు..."

త్రిగ్వే తడవని కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. సునీవా పక్కన నిలబడి తనూ చూసింది. తల్లి ఒక్కటి కూడా వదల్లేదు. ఇరవై చేపలకి మూడు ఆడపేలు. ఈ కాలంలో ఇరవై చేపలకి సగటున నాలుగు దాటకూడదని చట్టం. అంటే లెక్క సరిగ్గానే ఉంది. సునీవాకి గుండె మీంచి బరువు దిగినట్టయింది. అనవసరంగా అమ్మ మనసు నొప్పించానే అనుకుంది.

అప్పుడే హిల్దూర్ తొట్టి చెవులు పట్టుకుని, నీళ్లు పారబోసే పీపాలోకి వంచబోయింది.

"ఆగమ్మా!"

ఎందుకు ఆగమందో ఆ క్షణానికి సునీవాకే సరిగా తెలియదు. తల్లి ముఖం చూసింది, అంతే. తొట్టి వంచేటప్పుడు హిల్దూర్ తల పక్కకి తిప్పుకుంది. తొట్టిలోకి చూడకుండా వంచబోయింది. చూపే ప్రాణంగా బతికే మనిషి చూపు తిప్పుకోవడమేమిటి?

సునీవా నమూనాల కోసం ఎప్పుడూ సంచీలో ఉంచుకునే తెల్లటి జల్లెడ తీసి పీపా మూతికి అడ్డం పెట్టింది. "ఇప్పుడు పొయ్యి."

"దేనికే?"

"పొయ్యమ్మా."

నీళ్లు దిగిపోయాయి. జల్లెడ తెలుపు మీద గోధుమరంగు చుక్కలు మిగిలాయి, తొట్టిలో చేపల నుంచి ఊడిపడ్డ పేలు. కొన్ని ఇంకా కాళ్లు ఆడిస్తున్నాయి. ఒక్కోదానికి వెనక రెండేసి సన్నటి దారాలు, నిండా గుడ్లు. సునీవా వేలితో ఒక్కొక్కదాన్నీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టింది. పదకొండు ఆడపేలు. చేపల మీదున్న మూడుతో కలిపితే పద్నాలుగు.

త్రిగ్వే ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్," అంది సునీవా. ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "తొట్టి వంచెయ్యమని అమ్మకి నువ్వే నేర్పావా?"

"నేనా? నేనెందుకు నేర్పుతాను?"

"లెక్క తక్కువొస్తే పేలు ఊడగొట్టే వేడినీళ్ల పడవని పిలిచే పని నీకు తప్పుతుంది. ఇంకెవరికుంది ఆ అవసరం?"

"అక్కా, మాట జారకు! పన్నెండు నెలలూ ఈ వానలో నిలబడేది నేను. నెలకోసారి వచ్చి ఫోటోలు దిగిపోయేది నువ్వు!"

"ఫోటోల మాటెందుకురా ఇప్పుడు? ఎంతకాలం నుంచి జరుగుతోంది ఈ మోసం? చెప్పు!"

"మోసం కాదే," అంది హిల్దూర్. ఆమె గొంతు పెంచలేదు. చేతి తొడుగులు విప్పి, తడి వేళ్లని ప్యాంటుకి తుడుచుకుంటోంది. "లోపలికి రండి. పక్క పెంపకంవాళ్లకి వినబడేలా అరుచుకోవడం దేనికి."

పక్క పెంపకం ఆ కొండకి అవతల, ఇంకో పాయలో ఉంది. అయినా ఇద్దరూ అరుపులు ఆపి ఆమె వెనకాల, మేత నిలవ చేసే పెద్ద పడవ, బార్జి లోపలికి నడిచారు.

చేపల మేత వాసన కొట్టే ఆ చిన్న గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి మేకుకి తగిలించిన ఫారాల కట్ట. హిల్దూర్ ఆ కట్టలోంచి అడుగున ఉన్న పాత కాగితం ఒకటి లాగి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే కొత్తది పెట్టింది.

"పాతదాంట్లో ఎన్ని గడులున్నాయి?"

సునీవా చూసింది. చేపల మీద ఎన్ని, తొట్టిలో ఎన్ని, మొత్తం ఎన్ని.

"కొత్తదాంట్లో?"

కొత్త ఫారంలో తొట్టి గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది ఎవరో కింద చిన్న అక్షరాల్లో ఉంది. సునీవా తన పేరు తనే చదువుకుంది.

ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, గుండు చేపల్ని వదిలే ముందు, చేపలకి హాయిగా ఉంటుందని మత్తుమందు మార్చింది తనే. మూడు వారాలు తొట్టి నీళ్లు జల్లించి చూసింది. ఒక్క పేను కూడా రాలలేదు. కొత్త మందుకి పేలు ఊడిపోవని తేల్చేసి ఆ గడి కొట్టేసింది. ఫిబ్రవరి నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. నీళ్లు వెచ్చబడ్డాక ఆ మందుకి పేలు పట్టు వదిలేస్తాయేమోనని మళ్లీ ఎన్నడూ చూడలేదు. ఆ మాట తోచను కూడా లేదు.

"నాకు చెప్పొచ్చు కదమ్మా," అంది. ఆ మాట ఆమెకే పీలగా వినబడింది.

"చెప్పాను." హిల్దూర్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఆ ఏడు జూన్‌లో. ఫోన్ చేశాను. 'తొట్టిలో కనబడుతున్నాయే' అన్నాను. నువ్వు ఎక్కడో మీటింగులో ఉన్నావు. ఏమన్నావో గుర్తుందా?"

సునీవాకి గుర్తుంది. గుర్తులేదని చెప్పగలిగితే ఎంత బాగుండునో అనిపించింది.

"'ఫారంలో లేనివి లెక్కపెట్టకమ్మా, గందరగోళం చేస్తావు' అన్నావు. మెల్లగానే అన్నావులే. కానీ నీ పక్కన ఎవరో నవ్వారు."

"అమ్మా..."

"నేను ఎనిమిదో తరగతి దాటలేదు. నువ్వు పుస్తకాలు రాస్తావు. నా కళ్లు ఒకటి చెప్పి, నా కూతురు ఇంకోటి చెబితే ఎవరి మాట పట్టుకోవాలి నేను? నీ మాటే పట్టుకున్నాను. తర్వాత పేపర్లో నీ ఫోటో పడింది. దుకాణంలో అందరూ నన్ను ఆపి మరీ చెప్పారు. ఇంక నోరెలా తెరవనూ? తొట్టి వంచేటప్పుడు కళ్లు తిప్పేసుకోవడం అలవాటు చేసుకున్నాను." హిల్దూర్ విప్పిన తొడుగుల్ని బల్ల మీద సర్దింది. "అదీ తప్పే. నాకు తెలుసు. వంచిన ప్రతిసారీ తెలుసు."

సునీవా పాత ఫారం దగ్గరికి లాక్కుంది. ఇప్పటిదాకా తట్టనిది ఇప్పుడు మెల్లగా తడుతోంది. గుండు చేపలు పెట్టాక పేలు సగానికి పైగా తగ్గాయని ఆమె ఊరూరా చెప్పింది. తగ్గించింది గుండు చేపలా, తను కొట్టేసిన గడా? రెండేళ్ల అంకెల్లో ఏది నిజమో ఇప్పుడు దేవుడు కూడా చెప్పలేడు. వారం వారం, వంచిన ప్రతి తొట్టితోపాటు ఆ సంగతి కూడా నీళ్లలో కొట్టుకుపోయింది.

ముందుగా తేరుకున్నది త్రిగ్వే.

"సరే, అయిందేదో అయింది. నేనొక మాట చెప్తా వినండి." అతను బల్ల మీదికి వంగాడు. "ఈ వారం ఎప్పటిలాగే రాసేద్దాం. చేపల మీద ఉన్నవే. వచ్చే సోమవారం నుంచి తొట్టి కూడా కలుపుదాం. ఒక్కసారిగా పెరిగాయి అంటాం. మే నెలలో పెరగడం ఎవరికీ వింత కాదు. ఎవరికీ తెలియదు. నీ గురువారం గండం గడిచిపోతుంది, అమ్మ పేరూ నిలుస్తుంది."

"మరి ఈ వారం?"

"ఈ ఒక్క వారమే కదా అక్కా!"

"ఈ వారమే సాల్మన్ పిల్లలు ఏట్లోంచి దిగుతున్నాయిరా."

"దిగితే? ఇప్పుడు ప్రభుత్వానికి నిజం పంపితే ఏమవుతుందో తెలుసా? రెండ్రోజుల్లో వేడినీళ్ల పడవ తెచ్చుకోమంటారు. నా చేపల్ని ఆ గొట్టాల్లో తోస్తే ఎన్ని చస్తాయో నువ్వు చూశావా? నేను చూశాను. నీ గుండు చేపల పేరెత్తితే ఇక తీరమంతా నవ్వుతుంది. అమ్మని దొంగ లెక్కల మనిషి అంటారు. ఇదంతా ఒక్క వారం కోసమా?"

నిజం చెప్పాలంటే సునీవా మనసు ఊగింది. ఐదేళ్ల పని. ఒక్క వారం. తను నోరు మూసుకుంటే చాలు, కొత్తగా అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఆమె తల్లి వైపు చూసింది, ఆ నిర్ణయమేదో ఆమే చేసేస్తే బాగుండునన్నట్టు. చిన్నప్పుడు చూసేది అలా.

హిల్దూర్ అప్పటికే లేచి తొడుగులు వేసుకుంటోంది.

"ఇంకా నాలుగు పంజరాలున్నాయి," అంది. "ఆ జల్లెడ ఇలా ఇవ్వు."

"అమ్మా, ముందు ఏం చేద్దామో..." అన్నాడు త్రిగ్వే.

"ఏం చేయాలో నాకు తెలుసు. లెక్కపెట్టాలి. నువ్వు రాస్తావా, దాన్ని రాయమననా?"

త్రిగ్వే పెన్సిల్ అక్క చేతికిచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

రెండో పంజరం దగ్గర సునీవా కాగితం మీద చేత్తో ఒక గీత గీసి కొత్త గడి కట్టింది. హిల్దూర్ ఎప్పటిలాగే ఒక్కో చేపనీ ఎత్తి, తిప్పి, చెప్పింది. ఇరవై చేపలు, రెండు. తర్వాత తనే జల్లెడ పెట్టి తొట్టి వంచింది. ఈసారి తల తిప్పుకోలేదు. జల్లెడ మీదికి వంగి, పెదవులు కదుపుతూ చాలాసేపు చూసింది. ఒకటి రెండు సార్లు మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"తొమ్మిది," అంది చివరికి. గట్టిగానే అంది.

సునీవా రాసింది. తను గీసిన గడిలో, స్పష్టంగా.

మూడో పంజరంలో చేపల మీద నాలుగు, తొట్టిలో పదమూడు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి త్రిగ్వే బయటికి వచ్చాడు. ఏమీ అనకుండా తల్లి చేతిలోంచి బరువైన చేతివల తీసుకుని చేపల్ని ఎత్తసాగాడు. కొంతసేపయ్యాక, ఎటో చూస్తూ అన్నాడు. "పడవవాళ్లకి ఫోన్ చేశా. బుధవారం వస్తారట. ఈలోగా గుండు చేపల్ని ఏరి వేరే తొట్లలోకి మార్చాలి, వేడినీళ్లలో పడితే ఒక్కటి మిగలదు. మనిషికి మూడేసి వేల చేపలు పడతాయి. మీ బెర్గెన్ చేతులు తట్టుకుంటాయా?"

"తట్టుకోకపోతే నువ్వున్నావుగా తిట్టడానికి," అంది సునీవా. కాసేపాగి, "నిన్ను మోసగాడన్నాను. తప్పయిందిరా," అంది.

"వల పట్టుకో, జారిపోతోంది," అన్నాడు వాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నానికి ఐదు పంజరాలూ అయ్యాయి. వంద చేపలకి అరవై ఏడు ఆడపేలు. ఉండాల్సింది ఇరవై లోపు. సునీవా బార్జి గదిలోంచి తన పై అధికారికి ఫోన్ చేసింది. గురువారం సమావేశంలోంచి తన పేరు తీసేయమంది. ఎందుకని అతను రెండుసార్లు అడిగాడు. "గడి కొట్టేసింది నేను. లెక్కపెట్టినవాళ్లు సరిగ్గానే పెట్టారు. నాకు చెప్పారు కూడా. నేను వినలేదు," అంది. అంతకంటే చిన్నగా చెప్పే దారి ఆమెకి దొరకలేదు. తర్వాత అతను పొడిగా, ఇది రాతపూర్వకంగా పంపమని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ప్రభుత్వానికి పంపే వారపు నివేదిక కంప్యూటర్లో తెరిచింది. అంకె వేసింది. తొట్టి పేలని రెండేళ్లుగా కలపలేదని కింద వివరంగా రాసింది. లెక్కించినవారు అన్నచోట వేళ్లు ఆగాయి. ప్రతి వారం అక్కడ హిల్దూర్ అని ఉండేది. అది చెరిపి తన పేరు కొట్టింది.

"అదేంటే?" వెనక నుంచి తల్లి గొంతు.

"ఇవాళ్టికి నా పేరుండనీ అమ్మా. రేపు ఫోన్లు వస్తాయి. ఎవరైనా ఏమైనా అంటే..."

"జరుగు." హిల్దూర్ తడి రబ్బరు ప్యాంటుతోనే పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు వేళ్లతో కూతురి పేరు చెరిపి తన పేరు కొట్టింది. "ఫారం నీది, ఒప్పుకున్నావు. లెక్క నాది. రెండేళ్ల తర్వాత ఇవాళే సరిగ్గా పెట్టాను. ఇవాళ కూడా నా పేరు తీసేస్తావా?"

సునీవా పంపే బొత్తం నొక్కింది. నివేదిక వెళ్లిపోయింది. పెద్దగా ఏమీ జరగలేదు. బయట వాన అలాగే పడుతోంది. త్రిగ్వే ఖాళీ తొట్లని ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"నీ రెండేళ్లూ పోయినట్టేనా?" అడిగింది హిల్దూర్.

"పోయినట్టే."

"ఆ గుండు చేపలు నిజంగా పని చేస్తాయా?"

"తెలియదమ్మా. చేస్తాయనే అనుకుంటున్నాను. మళ్లీ మొదటి నుంచి చూడాలి. నన్ను చూడనిస్తే."

హిల్దూర్ తల ఊపింది. వాన నీటికి ముడతలు పడ్డ తన అరచేతుల్ని ఒడిలో పెట్టుకుని చూసుకుంటూ ఉంది. ఏదో అడగాలనుకుని, అడగలేక, చివరికి అడిగేసింది.

"మళ్లీ మొదలుపెడితే... నేనే లెక్కపెడితే... ఎప్పుడైనా నీ కాగితంలో లేనిదేదో కనబడిందనుకో. ఫోన్ చేస్తే వింటావా?"

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే సునీవా తట్టుకోలేకపోయింది. వింటాను అనబోయింది. చేపల వాసన, మందు వాసన కలిసిన తల్లి భుజం మీద ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. హిల్దూర్ తడి చేయి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచి, తర్వాత కూతురి తల మీద పెట్టింది.

"సరేలే," అంది. "ఇవాళ విన్నావులే."